ఉప్పు నీళ్ళ అలవాటు

మొక్క తట్టుకుంటుంది అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. పాఠ్యపుస్తకం అన్నా సరే, టీవీలో మైకు పట్టుకున్న పెద్దమనిషి అన్నా సరే, పురుగుమందుల కొట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాయన అన్నా సరే. తట్టుకోవడం అంటే ఏమిటో, ఎన్నాళ్ళో, ఏం పోగొట్టుకుని తట్టుకుంటుందో ఒక్కరూ చెప్పరు. చెప్పాల్సిన అవసరం ఉందనుకోరు. తట్టుకోవాల్సింది వాళ్ళు కాదు కదా.

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. కాపురం నల్లపాడులో. మా అక్కది పొదిలి వైపు పల్లె. పెళ్ళప్పుడు నాన్న అక్కకు పసుపు కుంకుమ కింద నల్లరేగడి చెక్క ఒకటి రాసిచ్చాడు. మా పుట్టింటి పొలానికీ అక్క అత్తగారి ఊరికీ మధ్యలో ఉంటుంది అది. కాగితం మీద అక్క పేరే ఉంది. నోటి మాటకు మాత్రం అది మా బావ చేను. ఆయన మిరప, ఆయన గట్టు, ఆయన కోత అనే ఊరంతా అంటారు. కలుపు తీసేదీ, నారు పెట్టేదీ, కూలీలను కేకేసి తెచ్చేదీ అక్కే అయినా సరే, మాట మారదు. అక్క కూడా ఏ రోజూ ఆ మాటను సరిదిద్దలేదు. నాకే కోపం.

ఇదివరకు ఆ చేనులో వర్షాధారంగానే మిరప వేసేవాళ్ళు. వాన మరీ మొహం చాటేస్తే పక్క కుంటలో ఉన్న కాసిని నీళ్ళు ఇంజను పెట్టి తోడుకునేవాళ్ళు. కాపు వచ్చిన ఏడు వచ్చేది, రాని ఏడు లేదు. పోయిన ఎండాకాలంలో బావ బోరు వేయించాడు. ఊళ్ళో చుట్టుపక్కల చేలల్లో అందరికీ బోర్లున్నాయి, మనకే లేదన్న పంతం ఒకటి, కుంట పూడిపోయిందన్న నిజం ఒకటి.

బోరు వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే ఆయన వచ్చి, కాయ నిలబడిన చోట పాయింటు అన్నాడు. ఆ చోటు సరిగ్గా ఈశాన్యం మూలే అయింది. వాస్తుకూ కొబ్బరికాయకూ అంత చక్కగా ఎలా కుదిరిందో నేను అడగలేదు. అప్పటికే రెండుసార్లు కసిరించుకున్నాను. బోరు లారీ హోరుకు ఎవరి మాట ఎవరికీ వినపడటం లేదు. బూడిద రంగు దుమ్ము, ఆ తర్వాత బురద, ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్ళు పైకి ఎగజిమ్మాయి. గంగ పడిందని కేకలు. బావ కొబ్బరికాయ కొట్టాడు. పసుపు కుంకుమ చల్లారు. అందరూ నీళ్ళు నెత్తిన చల్లుకున్నారు. స్టీలు గ్లాసు నిండా పట్టి తలా ఒక గుక్క తీర్థంలా తీసుకుంటూ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందించారు.

గ్లాసు నా దాకా వచ్చింది. గుక్కెడు నోట్లో పోసుకున్నాను.

"ఉప్పగా ఉందే!" అన్నాను.

చుట్టూ ఉన్న మొహాలన్నీ ముడుచుకున్నాయి. నేనేదో అపశకునం మాట్లాడినట్టు బావ వాళ్ళ అక్క చెంపలు వాయించుకుంది.

"గంగమ్మ తల్లి ఇంటికొచ్చిన వేళ ఆ మాటేందమ్మాయ్? చదువుకున్నదానివి, నోరు కాస్త అదుపులో పెట్టుకోకూడదా?"

బావ నవ్వేశాడు. "కొత్త బోరు కదా మరదలా, బురద రుచి అది. పారించే కొద్దీ తియ్యబడుద్ది."

నేను అక్క వైపు చూశాను. అక్క కొంగుతో పెదాలు తుడుచుకుని తల దించుకుంది. ఆమె నాలుకకు తెలిసింది. అక్కడున్న ప్రతి నాలుకకూ తెలిసింది. మా వైపు కొత్త బోరు నీళ్ళకు మొదటి రోజు రుచి చెప్పకూడదు, అది ఆచారం. సరే, మొదటి రోజు చెప్పొద్దు. రెండో రోజు చెప్పొచ్చుగా? ఆ మర్నాడు చెప్పొచ్చుగా? మొదటి రోజు మింగిన మాటను ఆ తర్వాత కక్కడం ఎవరికీ చేతకాదు. లక్షణమైన మనుషులు, అన్నంలో ఉప్పు ఒక పిసరు ఎక్కువైతే కంచం పక్కకు నెట్టే మగవాళ్ళు, ఆ నీళ్ళు కళ్ళు మూసుకుని మింగి గంగ గంగ అన్నారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు మండుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఊళ్ళో ఇంటింటికీ పొద్దున్నే ఆటోలో క్యాన్ నీళ్ళు వస్తాయి. ఊరి నీళ్ళు తాగితే పళ్ళకు గారలు, కీళ్ళకు నొప్పులు అని ఎప్పుడో మానేశారు. బోరు పడిన సంబరానికి వచ్చినవాళ్ళకు భోజనాలు పెట్టినప్పుడు కూడా తాగడానికి క్యాన్ నీళ్ళే పోశారు. కొత్త గంగను ఎవరూ అడగలేదు.

మిరప నారు నాటాక కొద్ది రోజులు వానలు పడ్డాయి. మొక్క నిలదొక్కుకుంది. ఆ తర్వాత ఆకాశం తెల్లగా అయిపోయింది. భాద్రపదం గడిచినా చినుకు లేదు. బావకు దిగులేమీ లేదు. ఆయన మోటారుకు ఆటోస్టార్టర్ ఉంది.

దీని గురించి తెలియనివాళ్ళకు చెబుతాను. చేలకిచ్చే కరెంటు ఎప్పుడొస్తుందో, మధ్యలో ఎన్నిసార్లు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని మోటారు పక్కన చిన్న డబ్బా ఒకటి బిగిస్తారు. కరెంటు రాగానే అది మోటారును తనంతట తనే నడుపుతుంది, పోగానే ఆపుతుంది. రైతు టీ కొట్టు దగ్గర ఉన్నా, ఎవరి పెళ్ళి భోజనాల్లో ఉన్నా చేనుకు నీళ్ళు పారుతూనే ఉంటాయి. చేనుకు దాహం వేసిందా అని అడిగే మనిషి ఉండడు. తీగలో కరెంటు ఉంటే పొయ్యడం, లేకపోతే ఆపడం, అంతే. మా వాళ్ళకు ఇందులో తప్పేమీ కనపడదు. వచ్చిన కరెంటును వదిలెయ్యడమే తప్పు. పక్క చేలో మోటారు మోగుతుంటే మనది ఊరికే ఉండటం పరువు తక్కువ.

దసరా సెలవులకు వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం చేలో మిరప ఆకులు వేలాడేసి ఉన్నాయి. బావ దాన్ని చూసి మురిసిపోతున్నాడు, బోరు లేకపోతే ఏమయ్యేదో చూడమని. పక్క చేను ఆయన కూడా వచ్చి, "పాపం, దాహం," అన్నాడు.

అది దాహంతో ఏడవడం కాదు. ఎండకు మొహం తిప్పుకోవడం. ఆకు అడుగున కంటికి కనపడని సన్నని నోళ్ళుంటాయి. వేరుకు తడి తగ్గగానే వేరులో పుట్టిన కబురు ఆకుకు చేరి, ఆ నోళ్ళు మూసుకుంటాయి. కబురు మోసే రసాయనం పేరు మా పిల్లలకు రెండు మార్కుల ప్రశ్న. కంఠతా పట్టి రాసేస్తారు. నోరు మూసుకుంటే ఒంట్లో నీళ్ళు ఆవిరై పోవు, నిజమే. కానీ గాలి లోపలికి రావాల్సింది కూడా ఆ నోటి నుంచే. గాలి లేనిదే ఆకు తిండి వండుకోలేదు. అంటే మొక్క దాహానికి భయపడి ఆకలిని ఒప్పుకుంటోంది. పుస్తకంలో దీన్ని మెచ్చుకుంటూ ఒక పేజీ రాశారు. పస్తులున్న మనిషిని చూసి ఎంత పొదుపరి అని మెచ్చుకున్నట్టు ఉంటుంది నాకు ఆ పేజీ చెబుతుంటే.

పొద్దు వాలాక ఆ ఆకులు మళ్ళీ లేస్తాయి. తెల్లారేసరికి నిటారుగా ఉంటే భయం లేదు. తెల్లారేటప్పుడు కూడా వేలాడుతుంటే అప్పుడు కంగారు పడాలి. నేను చూసి కంగారు పడింది ఆకులు వేలాడినందుకు కాదు. కింద ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగినందుకు.

"బావా, ఆ నీళ్ళు ఆపెయ్యి. ఆకుల అంచులు కాలిపోయినయ్, చూడు."

"ఎండ మరదలా. ఎండకి."

"ఎండకైతే పైన లేతాకు ముందు మాడాలి. కింద ముదురాకు ఎందుకు మాడింది?"

"టీచరమ్మవి కదా, ప్రశ్నలు బానే వేస్తావ్," అన్నాడు నవ్వుతూ. "మొక్కన్నాక నాలుగు రోజులు తాగితే అదే అలవాటు పడుద్ది. మనం పడలా?"

"నువ్వెప్పుడు పడ్డావు బావా? ఒక్క పూట క్యాను రాకపోతే ఆ ఆటో అబ్బాయిని ఫోనులో ఎన్ని మాటలంటావో నాకు తెలీదా?"

నవ్వు పోయింది. "ఆ మాటా ఈ మాటా కలపమాక," అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం పొదిలి నుంచి ఒక సీసా తెచ్చాడు. పురుగుమందుల కొట్టు ఆయన ఇచ్చాడట, మొక్కకు స్ట్రెస్ ఎక్కువైంది, ఇది పిచికారీ చేస్తే తట్టుకుంటుంది అని. సీసా మీద కండలు తిరిగిన మిరపకాయ బొమ్మ. నాకు నవ్వు రాలేదు. పైన సీసాతో బలం మందు, కింద పైపుతో ఉప్పు. మొక్కను కొట్టే చెయ్యీ మనదే, వీపు నిమిరే చెయ్యీ మనదే. ఆ కొట్టు ఆయన నీళ్ళు ఎలా ఉన్నాయని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడిగితే సీసా అమ్ముడుపోదు.

మర్నాడు పొద్దున్నే అక్కా నేనూ చేనుకు వెళ్ళాం. అక్క సాలులో గొంతుక్కూర్చుని ఒక మొక్క కింది ఆకు పట్టుకుని చూసింది. పట్టుకోగానే ఆ ఆకు ఊడి చేతిలోకి వచ్చింది.

"నువ్వు పిల్లలకి చెప్తావుగా," అంది. "నాకు నిజం చెప్పు. ఉప్పు నీళ్ళకి మిరప అలవాటు పడుద్దా?"

అక్క నోట ఉప్పు అన్న మాట రావడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చిన్నప్పుడు నాన్న మమ్మల్ని చీరాల అవతల సముద్రానికి తీసుకెళ్ళినప్పుడు దారిలో ఉప్పు పర్రలు చూశాం, గుర్తుందా అని అడిగాను. ఆ తెల్లటి నేలలో దళసరి ఆకుల మొక్కలు పాకి ఉండేవి. ఒక ఆకు నమిలి ఇద్దరం ఉమ్మేశాం. అవి ఉప్పుతోనే పుట్టి, ఉప్పుతోనే పెరిగి, తరతరాలుగా ఒళ్ళు మార్చుకున్న మొక్కలు. మిరప ఆ జాతి కాదు. ఉప్పంటే దానికి సరిపడదు. పత్తి అయినా కొంత ఓర్చుకుంటుంది గానీ మిరప మరీ సున్నితం.

"వేరు చుట్టూ ఉప్పు పేరుకుంటే తడి ఉన్నా అందదే అక్కా. ఉప్పు నీళ్ళని పట్టి ఉంచుద్ది. మొక్క ఇంకా గట్టిగా లాగాలి. గట్టిగా లాగాలంటే తన ఒంట్లో రసాన్ని చిక్కబరుచుకోవాలి, దాచుకున్నదంతా దానికే ఖర్చు పెట్టుకోవాలి. లోపలికొచ్చిన ఉప్పుని చిగురు దాకా పోనీయకుండా కింద ముసలాకుల్లోకి తోస్తది. నిండిన ఆకుని రాల్చేస్తది."

అక్క చేతిలో ఆకును తిప్పి చూసింది.

"అంటే ఇల్లంటుకుంటే ఒక్కో గది వదిలేసుకుంటా వెనక్కి పోతందన్నమాట."

"అంతే."

"మరి ఈయన అలవాటు అంటాడేందే?"

ఆ ఇంటికి అక్క కొత్తకోడలిగా వెళ్ళిన రోజుల్లో, చీకట్నే లేచి అంత మందికి వంట చేసి మళ్ళీ చేనుకు పోలేక జ్వరం తెచ్చుకుంటే, వాళ్ళత్త మా అమ్మతో అన్న మాట కూడా అదే. అలవాటు పడుతుందిలే వదినా అంది. మా అమ్మ తల ఊపింది. నాకు అప్పుడూ కోపమే వచ్చింది, కానీ అప్పుడు నా కోపాన్ని పట్టించుకునే వయసు కాదు నాది.

"నీళ్ళు ఆపేస్తే?" అంది అక్క.

"ఆపినా కష్టమే. కాకపోతే ఎద్దడికి మొక్క నోరు మూసుకుని వాన కోసం చూస్తది. వానొస్తే లేస్తది. ఉప్పు అట్టా కాదు. మట్టిలో చేరి కూర్చుందంటే మంచి వానలు పడి కడిగేదాకా కదలదు."

"వాన రాకపోతే?"

నా పుస్తకాల్లో దానికి జవాబు లేదు. లేదనే చెప్పాను.

అక్క లేచి నిలబడి చేనంతా ఒకసారి చూసింది. ఈశాన్యం పల్లం, నైరుతి మెరక. బోరు నీళ్ళు పల్లం వైపు సాళ్ళలో నిండుగా పారుతున్నాయి. మెరక వైపు మూడో వంతు చేనుకు ఎక్కీ ఎక్కక ఎక్కుతున్నాయి. అక్కడి ఆకులు ఇంకా అంతగా మాడలేదు. బావ ఆ వైపుకు పైపు లాగాలని చూస్తున్నాడు.

ఆ రోజే అక్క ఇద్దరు ఆడకూలీలను పిలిచి, తనూ పార పట్టి, చేను అడ్డంగా గట్టు వేసింది. మెరక చెక్కకు బోరు చుక్క ఎక్కకుండా మోకాటి ఎత్తు గట్టు. నేనూ మట్టి మోశాను. చేతులు బొబ్బలెక్కాయి, హాయిగా అనిపించింది. మధ్యాహ్నానికి బావ వచ్చి చూశాడు.

"పచ్చటి మొక్కకి నీళ్ళు ఆపే ఆడదాన్ని నిన్నే చూశానే!" అని అరిచాడు. పక్క చేలల్లో వాళ్ళు పనులు ఆపి చూస్తున్నారు. "చంటిబిడ్డ నోటికాడ పాలు లాగేసినట్టు లేదూ? నీ చెల్లెలు నేర్పిందా ఇది?"

"నా చేను," అంది అక్క. అరవలేదు. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినని నేను పార పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

బావకు ఆ మాట చురుక్కుమంది. "అట్టనా? ఈ గట్టు పైన మొక్క ఎండిందా, ఈ చేను మొత్తం జామాయిల్‌కి ఇచ్చేస్తా. మిరపా లేదు, సేద్యమూ లేదు. కౌలు తీసుకుని కూర్చుంటా."

"ఎండకపోతే?"

దానికి ఆయన ఏమీ అనలేదు. మా వైపు జామాయిల్ అంటే ఏమిటో అక్కకు తెలుసు. ఒకసారి పెడితే కొట్టిన మొద్దులోంచి మళ్ళీ మళ్ళీ లేస్తుంది. ఆ వేళ్ళు పెరికి, ఆ నేలను మళ్ళీ మిరప చేనుగా చెయ్యడం అక్క ఓపికకు అయ్యే పని కాదు. నాన్న ఇచ్చిన చెక్క పేరుకే ఉంటుంది. పందెం అది. పందెం కట్టింది బావ, పోతే పోయేది అక్కది. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత అక్క చేసిన పనులు తలుచుకుంటే కూడా నాకు కోపమే వస్తుంది, ఎవరూ చూసి మెచ్చుకోలేదని. రేగడి నెర్రెలు విచ్చితే వాటిగుండా లోపలి తడి ఆవిరైపోతుందని వరసల మధ్య గుంటక తోలించి నెర్రెలు పూడ్పించింది. ఇంట్లో ఉన్న కంది పొట్టంతా మొక్కల మొదళ్ళలో కప్పింది. ఆఖరికి మొక్క మార్చి మొక్క పీకేసింది, ఉన్న తడి సగం మొక్కలకైనా సరిపోతుందని. పీకేటప్పుడు ఏడ్చిందని తర్వాత ఫోనులో చెప్పింది. తన చేత్తో నాటిన నారు అది. ఊళ్ళో ఆమెకు మతి చలించిందన్నారు. మొగుడి మీద కసి మొక్కల మీద తీర్చుకుంటోందని కూడా ఒకామె అంది. ఆమె పేరు నాకు తెలుసు, ఇక్కడ చెప్పను.

కార్తీకంలో మళ్ళీ వెళ్ళాను. గట్టు కింద చేను దూరానికి పచ్చగా కనపడుతోంది. గట్టు ఎక్కి పైన మొక్కలు చూశాను. కింది ఆకులన్నీ రాలిపోయాయి. ఉన్న ఆకులు చిన్నవై, దళసరిగా, దుమ్ము రంగులో ఉన్నాయి. మొదటి పూత అంతా రాలి సాళ్ళలో తెల్లగా పడి ఉంది. ఆ పూతను చూసి నాకు మొక్కల మీదే కోపం వచ్చింది. తల్లి ఒంట్లో సత్తువ లేనప్పుడు బిడ్డలను వదిలేసుకోవడం, ఇదేనా మీ సర్దుబాటు అనిపించింది. పుస్తకంలో ఉంది ఇది కూడా. పూత రాల్చడం ద్వారా మొక్క తనను తాను కాపాడుకుంటుంది. ఒక్క వాక్యం. ఆ వాక్యానికి ఒక ఇంటి ఏడాది కష్టం ఖర్చవుతుందని రాసినాయనకు తెలియదు.

దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూసి పోతున్నారు. "కింద చూడు ఎంత పచ్చగా ఉందో, పైన చూడు చీపురు పుల్లల్లా," అంటున్నారు.

తెల్లవారుజామున అక్క నన్ను లేపి చేనుకు తీసుకెళ్ళింది. ఇంకా ఎండ రాలేదు. గట్టు పైన మొక్కల ఆకులు, ఆ కాసినీ, నిటారుగా నిలబడి ఉన్నాయి. గట్టు దిగాం. కింద పచ్చటి మొక్కల ఆకులు ఆ చల్లటి వేళ కూడా వేలాడుతున్నాయి. కాళ్ళ కింద సాలు తడిగా ఉంది. నీళ్ళలో నిలబడి దాహంతో ఉన్నాయి అవి. నేను అక్క మొహం చూశాను. అక్కకు రోజూ తెలుసు ఇది. ఎవరికైనా చెబుదామంటే ఆ వేళకు చేనుకు వచ్చేవాళ్ళు లేరు. అందరూ మధ్యాహ్నం వచ్చి తీర్పు చెప్పి పోయేవాళ్ళే.

మార్గశిరంలో తుఫాను ఎటో తీరం దాటి, మా వైపు ఒక వాన విదిల్చింది. పెద్దదేమీ కాదు. గట్టు పైన మొక్కలకు అదే చాలింది. మూసుకున్నవన్నీ తెరుచుకున్నట్టు చిగుళ్ళు వచ్చాయి, మళ్ళీ పూత పట్టింది. గట్టు కింద ఆ వానే చెరుపు చేసింది. పైపైన పేరుకున్న ఉప్పును కరిగించి వేళ్ళ దగ్గరికి దింపింది. వాన వెలిసి ఎండ కాయగానే నేల మీద తెల్లటి చౌడు పొర తేలింది. మట్టి పలకలా గట్టిపడింది. మొక్కలు వరసలు వరసలుగా ఎండిపోయాయి. చచ్చిన మొక్కలకు కూడా మోటారు నీళ్ళు పోస్తూనే ఉంది. మొక్కలు చచ్చిన సంగతి ఆటోస్టార్టర్‌కు ఎవరు చెబుతారు? దాన్ని ఆపడమంటే బావ ఓడిపోయానని ఒప్పుకోవడమే. అందుకని అలా పారనిచ్చాడు.

మాఘంలో గట్టు పైన చెక్క కోతకు వచ్చింది. కాయ పొట్టిదే గానీ ఎర్రగా, ఘాటుగా ఉంది. కోతకు నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళమంతా వంగి కోస్తుంటే బండ్ల బాట మీద బైకు ఆగింది. బావ ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో కొలత టేపు. జామాయిల్ తోటలకు చేలు కౌలుకు మాట్లాడే ఆయన.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎండకపోతే అన్న అక్క ప్రశ్నకు బావ ఆనాడు జవాబెందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. ఎండినా ఎండకపోయినా ఆయన అనుకున్నది ఆయన చేసేదే. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి చూసింది.

బావ ఆయనకు చేను చూపిస్తున్నాడు. "కింద చెక్క చౌడెక్కింది, మీరు చూశారుగా. పైన మాత్రం కాపు నిలబడిందండి. మా మిరప మొండిది. అంత ఎద్దడిలోనూ తట్టుకుంది."

గట్టు సంగతి లేదు. గుంటక సంగతి లేదు. పీకేసిన మొక్కల సంగతి లేదు. మిరప మొండిదట! నేను ఒళ్ళో కాయలు కింద పారేసి ఆయన మీదకు వెళ్ళబోయాను. అక్క నా జబ్బ పట్టుకుని ఆపింది.

ఎండన పడి వచ్చిన ఆ కౌలు ఆయన నీళ్ళు అడిగాడు. చెట్టు నీడన క్యాను ఉంది, మేమంతా తాగేది అందులోంచే. అక్క రెండు గ్లాసులు తీసుకుని క్యాను పక్కనుంచి నడుచుకుంటూ బోరు దగ్గరికి వెళ్ళింది. కరెంటు ఉంది, మోటారు ఎవరికీ అక్కర్లేని నీళ్ళు కక్కుతోంది. రెండు గ్లాసులూ నిండా పట్టి తెచ్చి ఒకటి ఆయనకు, ఒకటి బావకు ఇచ్చింది.

ఆయన ఆబగా ఒక గుక్క పోసుకుని వెంటనే పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఏందమ్మా ఇది! ఇంతుప్పేంది?"

కోస్తున్న ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. బోరు పడిన రోజు వాళ్ళలో చాలామంది ఆ గ్లాసులో గుక్క తాగినవాళ్ళే.

"క్యాను నీళ్ళుండగా ఇవెందుకు తెచ్చావే?" అన్నాడు బావ, మొహం ఎర్రబడి.

"తాగండి," అంది అక్క. "నాలుగు రోజులు తాగితే అలవాటు పడతారు."

బావ చేతిలో గ్లాసు నిండుగా అలాగే ఉంది. ఆయన గ్లాసు వైపు చూశాడు, గట్టు వైపు చూశాడు. గట్టు మీద ఎండిన మట్టిలో ఇంకా అక్క పార గుర్తులున్నాయి.

"టేపు లోపల పెట్టండి," అన్నాడు ఆ కౌలు ఆయనతో. "ఈ చేను మా ఆవిడది. ఆమె ఇయ్యదు."

తర్వాత గ్లాసు వంచబోయి, కాళ్ళ దగ్గర మిరప మొక్క చూసి చెయ్యి ఆపుకున్నాడు. ఒక్క చుక్క తొణక్కుండా పట్టుకుని, వరసలు దాటి, గట్టు దిగి, బండ్ల బాట దాకా నడిచివెళ్ళి అక్కడ పారబోశాడు.